తల తుంచిన నారు

నారు గురించి నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. గర్వంతో అంటున్నానని అనుకునేవాళ్ళు అనుకోండి. పదిహేడో ఏట కెమ్నిట్స్ శివారులోని సహకార తోటలో, నారు పెంచే గాజు షెడ్డులో పనికి చేరాను. అప్పట్లో ఊరి పేరు వేరు, దేశం పేరు వేరు. రెండూ మారిపోయాయి గానీ టమాటా నారు మారలేదు. మొలిచిన పన్నెండో రోజుకు పీకాలి. వేరు కొసను గోటితో గిల్లాలి. మొదటి జంట ఆకులు మట్టికి తగిలేంత లోతుగా చిన్న కుండీలో నాటాలి. రోజుకు రెండు వేల మొక్కలు నాటేదాన్ని. మట్టిలో గుంట చేయడానికి ఇచ్చిన కర్రపుల్ల యాభై ఏళ్ళుగా నా దగ్గరే ఉంది. నా బొటనవేలు ఆనేచోట అది గుంటపడి నున్నగా అయింది.

నా పేరు సీగ్లిండె ఉలిగ్. మా ఆయన వోల్క్‌మార్. ఇళ్ళ కప్పులకు రాతి పలకలు పరిచేవాడు. నలభై ఏళ్ళు కప్పుల మీద పాకితే ఏ ఎముక నిలుస్తుంది? కుడి తుంటి అరిగిపోయింది. మాత్ర వేసుకుంటే కడుపులో మంట, వేసుకోకపోతే నిద్ర లేదు. ఆపరేషనుకు ఏడాదిగా వరుసలో ఉన్నాడు.

ఊరి చివర తోటల సంఘంలో మాకు మూడు వందల చదరపు మీటర్ల తోట ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా అందులో ఏది ఎక్కడ వేయాలో నేను చెబుతాను, నీళ్ళు ఆయన మోస్తాడు. మేం కూర్చుని మాట్లాడుకుని చేసుకున్న ఒప్పందం కాదిది, అలా జరిగిపోయింది. తోటల పోటీలో టమాటాలకు పదకొండుసార్లు బహుమతి వచ్చింది. పదకొండుసార్లూ వేదిక ఎక్కింది నేనే, కింద కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టింది ఆయనే. ఆయనకు బాధ ఉంటుందని నాకు తోచలేదు. తోచనిది నా తప్పేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, కానీ నోరు తెరిచి చెప్పకపోవడం ఆయన తప్పు కాదా?

పోయిన ఫిబ్రవరిలో ఆయన చేతిలో అగ్గిపెట్టె పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. పై వాటాలో ఆంట్యె అని ఉంటుంది, ట్రాం నడుపుతుంది, నలభై దాటిన మనిషి. ఆవిడ ఇచ్చిందట. లోపల దూదిలో మూడు గింజలున్నాయి.

"ఏంటవి? ధనియాలా?" అన్నాను.

"గంజాయి గింజలే. మనిషికి మూడు మొక్కలు పెంచుకోవచ్చని చట్టం వచ్చి ఎన్నాళ్ళయింది! ఆంట్యె రాత్రి కాస్త పీలుస్తుందట, నడుం నొప్పి తెలీకుండా నిద్ర పడుతుందట."

"డెబ్భై ఒకటో ఏట గంజాయి తాగుతావా ముసలాడా?"

"డెబ్భై ఒకటో ఏట పడుకుంటాను. పడుకుని ఏడాదైంది."

తోటలో పెంచడానికి లేదు, ఇంట్లోనే పెంచాలి. మా సంఘం అధ్యక్షుడు గేటుకు కాగితం కూడా అంటించాడు. కంచె లోపల గంజాయి ఆకు కనబడితే తోట వెనక్కి తీసుకుంటారట. బంగారంలాంటి మట్టి పెట్టుకుని బట్టల బీరువాలో సేద్యం చేయాలి. ఆ మాట అని నేను పడీ పడీ నవ్వాను. ఆయన నవ్వలేదు. కుట్టుమిషను గదిలోని పాత బీరువా అరలు విప్పేశాడు, లోపల తెల్లరంగు వేశాడు, పైన దీపం వేలాడదీశాడు, మూలన చిన్న ఫ్యాను బిగించాడు. కుంటుకుంటూ వారం రోజులు చేశాడు. ఆ వారంలో ఒక్కసారి కూడా నన్ను సలహా అడగలేదు.

గింజలు నాటేటప్పుడు వెళ్ళి చూశాను. బకెట్టంత కుండీలు మూడు పెట్టుకుని, ఒక్కో దానిలో ఒక్కో గింజ వేస్తున్నాడు.

"ఆవగింజంత మొలకకు బకెట్టంత కుండీనా? మట్టి పులిసిపోతుంది. ముందు చిన్న దానిలో వెయ్యి, పన్నెండో రోజుకి పీకి..."

"వీటిని పీకకూడదట. మొదట వేసిన కుండీలోనే చివరిదాకా ఉండాలి."

"ఎవరు చెప్పారు?"

"ఆంట్యె."

"ఆంట్యె నడిపేది ట్రాం. నారు నడిపింది నేను."

ఆయన చేతులకంటిన మట్టి దులుపుకుని నావైపు తిరిగాడు. "లిండె, ఒక్కటి అడుగుతాను. ఇందులో నువ్వు చెయ్యి పెట్టకు. బతికితే నా మొక్కలు, చస్తే నా మొక్కలు. సరేనా?"

సరే అన్నాను. సరే అనడానికి ఏం పోయింది?

నాలుగో రోజుకు మూడూ మొలిచాయి. ఆ మధ్యాహ్నం ఆయన భోజనాల బల్ల దగ్గర కూర్చుని చీటీలు రాశాడు. మావాళ్ళలో చీటీ లేని సీసా అరలోకి ఎక్కదు. అందులో ఏముంది, ఏ ఏడాదిది, ఎవరు పండించారు, ఈ మూడూ రాసి అంటించాల్సిందే. మా కింది గదిలో దోసకాయల ఊరగాయలూ ఆల్‌బకరా పళ్ళ జాములూ కలిపి రెండు వందల సీసాలుంటాయి. అన్నిటి మీదా సీగ్లిండె ఉలిగ్ అనే ఉంటుంది. ఆయన మూడు చీటీలు రాశాడు. కప్పు కొలతలు రాసే దిమ్మలాంటి అక్షరాలతో, వోల్క్‌మార్ ఉలిగ్ అని. సిరా ఆరేదాకా ఊది సొరుగులో దాచాడు.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!" అన్నాను.

"ఉండనీ. పేరుంటే పుడతాడేమో," అన్నాడు.

ఆ రకం సంగతి ఆయన నాకు చెప్పాడు. చెప్పలేదని ఎలా అంటాను? మామూలు గంజాయి రాత్రులు పొడుగయ్యేదాకా పూయదట. ఇది అలా కాదట, వెలుగుతో దీనికి పని లేదు, మొలిచిన రోజు నుంచి వయసు లెక్క పెట్టుకుంటుందట. నాలుగో వారానికి పూత, పదకొండో వారానికి కోత. మొక్క మూరెడున్నా బెత్తెడున్నా సరే, రోజు రాగానే పూసేస్తుంది. నేను బంగాళాదుంపల తొక్కు తీస్తూ ఊఁ కొట్టాను. మాట చెవిన పడింది, బుర్రకెక్కలేదు.

మొలిచిన తొమ్మిదో రోజున ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఎవరో రోగికి జ్వరం వచ్చి ఆపరేషను వాయిదా పడిందట, ఆ చోటు ఖాళీగా ఉంది, ఎల్లుండి రాగలరా అన్నారు. ఏడాదిగా ఎదురుచూస్తున్న మనిషి ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఫోను చేత్తో మూసి బీరువా వైపు చూశాడు.

"మళ్ళీ చోటెప్పుడు ఖాళీ అవుతుందో అడగనా?" అన్నాడు.

"మూడు పుల్లల కోసం తుంటి వదులుకుంటావా? మతి ఉందా?"

"ఆసుపత్రిలో వారం, నడక నేర్పే చోట మూడు వారాలు. ఇవి నెల్లాళ్ళు ఆగవే."

"నేను లేనా?"

అప్పుడు నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. నన్ను నమ్మాలా వద్దా అని తేల్చుకుంటున్నట్టు చూశాడు, నలభై మూడేళ్ళు కాపురం చేసిన పెళ్ళాన్ని! చివరికి ఫోనులో వస్తానని చెప్పాడు. ఆ సాయంత్రమే ఒక కాగితం రాసి బీరువా తలుపుకు అంటించాడు. రోజు విడిచి రోజు ఒక్కో మొక్క చుట్టూ నాలుగు చెంచాల నీళ్ళు. దీపం ఇంత ఎత్తున. ఫ్యాను ఆపొద్దు. ఎరువు వద్దు. కింద మూడు వరుసల్లో మూడుసార్లు: ముట్టుకోకు, ముట్టుకోకు, ముట్టుకోకు.

ఆయన్ను ఆసుపత్రిలో దింపి వచ్చిన మూడో రోజు నా టమాటా నారు పన్నెండో రోజు. వంటింటి కిటికీ దగ్గర బల్ల వేసుకుని, పుల్ల తీసుకుని, నలభై మొక్కలు పీకి నాటాను. ఆ పని చేస్తుంటే నా వయసు నాకు గుర్తుండదు. నలభయ్యో మొక్క అయ్యాక చేతులు ఇంకా కావాలన్నాయి. నీళ్ళ వేళ అయిందని బీరువా తెరిచాను.

మూడు మొలకలూ సాగిపోయి ఉన్నాయి. దీపం ఎత్తు ఎక్కువై సన్నగా, తెల్లగా, నీరసంగా ఒక పక్కకు వాలాయి. అంత పెద్ద కుండీ మధ్యలో ఒక్కో మొలక, ఊరి బయట దిక్కులేని స్తంభంలా. చూస్తుంటే నాకు ఒళ్ళు చిరచిరలాడింది. సాగిన నారుకు మందు ఒకటే, లోతుగా నాటడం. ఈ సంగతి మా షెడ్డులో నేల ఊడ్చే మనిషికి కూడా తెలుసు. దీపం కాస్త కిందికి దించి ఊరుకుంటే పోయేదని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో ఆ కాగితం కూడా కళ్ళబడింది. ముట్టుకోకు. ఎవరితో అంటున్నాడు? రోజుకు రెండు వేల మొక్కలు నాటినదానితో!

పుల్ల తెచ్చాను. మూడింటినీ పీకాను. వేరు కొసలు గిల్లాను. చిన్న కుండీల్లో మొదటి ఆకుల దాకా దింపి, వేళ్ళతో మట్టి నొక్కి, నిండుగా నీళ్ళు పోశాను. అయిదు నిమిషాలు పట్టలేదు.

నాకు దుర్బుద్ధి లేదు. ఉన్నా బాగుండేది. దుర్బుద్ధితో చేసిన తప్పుకు క్షమాపణ అడగడం తేలిక. బాగు చేద్దామని చేసినదానికి ఏమని అడుగుతాం?

వారం గడిచినా మొక్కలు అంగుళం కదల్లేదు. నేను బెంగపడలేదు, నాటిన నారు వారం అలుగుతుంది, తర్వాత అందుకుంటుంది. ఈలోగా ఆయన్ను కొండల్లోని నడక నేర్పే ఆసుపత్రికి మార్చారు. రోజూ భోజనాల తర్వాత ఫోను చేసేవాడు. తుంటి సంగతి నేను అడగాలి, మొక్కల సంగతి ఆయన అడగాలి.

"ఎన్ని జతల ఆకులొచ్చాయే?"

"నాలుగు," అన్నాను. రెండే వచ్చాయి.

"కాడ గట్టిపడిందా?"

"పెన్సిలంత ఉంది."

"నీళ్ళు ఎక్కువ పొయ్యట్లేదుగా?"

"చెంచాతో కొలిచి పోస్తున్నానయ్యా, నీ కాగితం నాకు కంఠతా వచ్చింది."

ఇంకోరోజు హుషారుగా ఉన్నాడు. "నా గదిలో ఒక పాత గని కార్మికుడున్నాడు లిండె. మొక్కల గురించి చెప్పాను. ఆయన వెళ్ళి అందరికీ చెప్పాడు. ఇప్పుడు భోజనాల దగ్గర, 'తోటమాలీ, ఇటు కూర్చో' అని పిలుస్తున్నారు. నన్నే! రేపు ఫోటో పంపు, చూపిస్తాను."

"నా ఫోన్లో ఫోటోలు సరిగ్గా రావు."

"మసగ్గా ఉన్నా పరవాలేదు."

"దీపం వెలుగుకు అంతా ఎర్రగా వస్తోందయ్యా, చెప్తే వినవేం!" అని కసిరాను. అబద్ధమాడేవాళ్ళకే కోపం ముందొస్తుంది.

ఫోను పెట్టేసి బీరువా దగ్గరకు వెళ్ళాను. అప్పటికి మొక్కలు కాస్త తేరుకుని నాలుగు జతల ఆకులు వేశాయి. ఇప్పుడైనా గుబురుగా చేస్తే ఆయన వచ్చేసరికి కంటికి నిండుగా కనిపిస్తాయనుకున్నాను. గుబురు కావాలంటే తల తుంచాలి, పక్క కొమ్మలు లేస్తాయి. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు కదా. మూడింటి తలలూ తుంచాను. చిన్న కుండీల నుంచి మళ్ళీ ఆయన పెద్ద కుండీల్లోకి మార్చాను, ఏమీ జరగనట్టు కనిపించాలని. నా టమాటాలకు వేసే ఎరువు కూడా ఒక పిడికెడు వేశాను.

ఆంట్యె కేకు అచ్చు తిరిగివ్వడానికి వచ్చిన రోజున, మొక్కల కణుపుల దగ్గర తెల్లటి వెంట్రుకల్లాంటివి కనిపిస్తున్నాయి. ఏదో బూజు తెగులనుకున్నాను. ఆవిణ్ణి పిలిచి చూపించాను.

ఆవిడ వంగి చూసింది. ఒక ఆకు పక్కకు తీసింది.

"ఇది బూజు కాదు ఉలిగ్ గారూ. పూత."

"ఇప్పుడే పూతేంటమ్మాయ్? బెత్తెడు లేవు!"

"వయసొచ్చింది కదా. ఈ తల తుంచిందెవరు?"

"నేనే. కొమ్మలు లేవాలని."

"కుండీ కూడా మార్చారా?"

"రెండుసార్లు."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళింది. వాళ్ళింట్లో అవే గింజలు, అదే వారం వేసినవి, నా నడుం ఎత్తున ఉన్నాయి. కాడ చూపుడువేలంత లావు. ఒక్కో కొమ్మ చివర పూత మొదలైంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"మిగతా మొక్కలకు దెబ్బ తగిలితే, కోలుకునేదాకా ఆగి తర్వాత పూస్తాయి," అంది ఆంట్యె. "ఇవి ఆగవు. మీరు పీకిన వారం, తుంచిన వారం, ఎరువు వేడికి మాడిన వారం, అన్నీ వాటి వయసులోంచే పోయాయి. ఇక పెరగవు. ఉన్న ఎత్తులోనే పూసి అయిపోతాయి."

"ఎరువు మానేసి, దీపం దగ్గరగా పెడితే?"

"ఏం పెట్టినా అంతే."

నాకు సిగ్గు లేకపోయింది. "అమ్మాయ్, నీవి ఈ మూడూ నాకిస్తావా? బీరువాలో పెడతాను. ఆయన వచ్చే శుక్రవారం వస్తున్నాడు. నావి నువ్వు తీసుకో, ఏం కావాలంటే అది ఇస్తాను."

ఆంట్యె నన్ను చూసిన చూపులో కోపం లేదు, జాలి ఉంది. అదే ఎక్కువ మండింది.

"మొక్కలదేముంది, ఇస్తాను. కానీ అవి ఆయనవి కావు కదండీ."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటూ మా అమ్మమ్మ మమ్మల్ని తిట్టేది. కిందికి దిగి వచ్చి ఆ సాయంత్రమంతా ఆ సామెతే నాకు నేను చెప్పుకున్నాను. అయినా ఫోనులో నిజం చెప్పలేదు. మర్నాడు కూడా, 'బాగున్నాయి, వచ్చి చూసుకో' అన్నాను.

శుక్రవారం ఆయనకిష్టమని బంగాళాదుంప ఉండలూ, మాంసం పులుసూ, ఎర్ర క్యాబేజీ వండాను. కారు దిగి చేతికర్రల మీద మెట్లెక్కాడు. నొప్పితో పెట్టే ఆ మూలుగు లేదు. మొహంలో రంగు తేరింది. కోటు విప్పకుండానే కుట్టుమిషను గదిలోకి వెళ్ళాడు. బీరువా తలుపు తీసిన చప్పుడు వినిపించింది. నేను గరిటె పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాను.

పెద్ద కుండీల్లో బెత్తెడేసి మొక్కలు మూడు, తల లేకుండా, కొమ్మల కొసన నాలుగేసి పూల గుత్తులతో ఉన్నాయి. ముసలి మొహాలున్న పిల్లల్లా ఉన్నాయి.

"ఇవేనా?" అన్నాడు.

"ఇవే."

"పెన్సిలంత కాడ అన్నావు."

ఆయన వంగి, మట్టిలో లోతుగా దిగిపోయిన కాడను వేలితో తడిమాడు.

"ఎప్పుడు పీకావ్?"

"నువ్వెళ్ళిన మూడో రోజు."

"మూడో రోజు," అన్నాడు. "అప్పటికి నేనింకా మంచం కూడా దిగలేదు."

తలుపు మెల్లగా మూశాడు. నా కాగితం, అంటే ఆయన కాగితం, ఇంకా దాని మీదే ఉంది. వచ్చి కూర్చుని భోంచేశాడు. రెండోసారి పులుసు వేయించుకున్నాడు. "ఉండలు మెత్తగా కుదిరాయే," అన్నాడు. కంచం నా మొహాన కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

వారం రోజులు ఆయన తిట్టలేదు. రోజూ స్టూలు వేసుకుని బీరువా ముందు కూర్చునేవాడు. చెంచాతో నీళ్ళు పోసేవాడు, పండిన ఆకు ఒకటి గిల్లి జేబులో వేసుకునేవాడు. చావబోయే మనిషికి సేవ చేసినట్టు చేశాడు. చివరికి నేనే తట్టుకోలేక పోట్లాటకు దిగాను.

"తిట్టవేం? తిట్టు! నా మీద పడి అరువు! ఆ మౌనం ఎందుకు?"

"ఏమని అరవను?"

"మూడు గంజాయి పుల్లలయ్యా! తుంటి మారింది, నొప్పి పోయింది, పిల్లాడిలా నిద్రపోతున్నావు. ఇక వాటితో నీకు పనేంటి?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నా తప్పులన్నిటిలోకీ పెద్ద తప్పు ఆ మాట.

ఆయన చెంచా కింద పెట్టాడు. "నొప్పి కోసమే అనుకున్నావా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "లిండె, మన తోటలో నేను ఒక్క మొక్క పెట్టాను గుర్తుందా? చెర్రీ మొక్క. పెళ్ళైన అయిదో ఏడు. నీ టమాటాలకు నీడ పడుతుందని కంచె దగ్గరికి మార్చావు. తర్వాత కంచె దగ్గర నీకు చిక్కుళ్ళు కావాలని మళ్ళీ మార్చావు. ఎండిపోయింది. 'నీ చెర్రీకి ప్రాణం గట్టిది కాదు' అన్నావు."

నాకు గుర్తులేదు. అదే చెబుతున్నాను, నాకు నిజంగా గుర్తులేదు. ఆయన చెప్పాక కంచె దగ్గర ఏదో ఎండు కర్ర పీకి పొయ్యిలో పెట్టినట్టు లీలగా తోచింది, అంతే.

"నలభై ఏళ్ళు ఊళ్ళో వాళ్ళ కప్పులన్నీ పరిచాను. కిందనుంచి చూస్తే ఎవరు పరిచారో ఎవరికీ తెలీదు," అన్నాడు. "ఒక్కటైనా నా చేత్తో పెరిగిందని చూసుకోవాలనుకున్నాను. నీకిది చెప్తే నవ్వుతావని నొప్పి అన్నాను."

నవ్వేదాన్నే.

మే మొదటి వారంలో కోశాడు. మూడు మొక్కలూ కలిసి పాత ఉత్తరాల కవరులో సరిపోయాయి. అందులోనే ఆరబెట్టాడు. పీల్చలేదు, ఎవరికీ ఇవ్వలేదు. ఆవాల ముద్ద వచ్చే చిన్న సీసాలో సగానికి వచ్చింది. నేను ఊరగాయ కోసం కింది గదికి వెళ్ళినప్పుడు చూశాను, నా సీసాల వరుసలో చివర పెట్టి ఉంది. దాని మీద చీటీ ఉంది. అందులో ఏముందో రాశాడు, ఏడాది రాశాడు, మూడో వరుసలో, ఆ దిమ్మలాంటి అక్షరాలతోనే, సీగ్లిండె ఉలిగ్ అని రాశాడు.

పైకి పరుగెత్తాను. ఆయన రేడియో వింటున్నాడు.

"నా పేరు రాశావేం? వెటకారమా?"

"వెటకారం దేనికి? పీకింది నువ్వు, తుంచింది నువ్వు, ఎరువేసింది నువ్వు. నెల్లాళ్ళు పెంచింది నువ్వు. ఉన్నదే రాశాను."

సొరుగులో వెతికితే ఆయన పేరున్న పాత చీటీలు మూడూ దొరికాయి. ఒకటి తీసుకెళ్ళి నా పేరు మీద అంటించాను. రెండు రోజుల తర్వాత చూస్తే, ఆవిరి పట్టి, చిరగకుండా ఊడదీశాడు. కింద నా పేరు చెక్కుచెదరకుండా ఉంది. పైది మాత్రం ఎక్కడా కనబడలేదు. సొరుగు మళ్ళీ చూశాను, మిగతా రెండూ కూడా లేవు.

మే పదిహేను దాటితే గానీ మా వైపు ఎవరూ టమాటాలు బయట నాటరు. ఆ రోజుకు చలి చివరిసారి కాటేసి పోతుందని నమ్మకం. పదహారున తోటకు వెళ్ళాం. నలభై మొక్కలు వరుసగా పెట్టాను, కాడలు పెన్సిలంత, ఆకులు నల్లగా నిగనిగలాడుతున్నాయి. పక్క తోటవాళ్ళు కంచె మీదుగా చూసి, "ఈ ఏడూ బహుమతి మీదే," అన్నారు. నాకు సంతోషం కలగలేదు.

సంచిలోంచి అగ్గిపెట్టె తీసి తోట బల్ల మీద పెట్టాను. ఆంట్యెను బతిమాలి తెచ్చినవి, మూడు గింజలు. వారం రోజులుగా ఏం చెప్పాలో మనసులో అనుకుంటూనే ఉన్నాను.

"వోల్క్‌మార్, తప్పు నాదే," అన్నాను. నలభై మూడేళ్ళలో ఆ మాట మొదటిసారి అన్నాను, అదీ నేల చూస్తూ అన్నాను. "ఇవి వెయ్యి. ఆ గదికి తాళం పెట్టుకో, తాళంచెవి నీ జేబులో ఉంచుకో. తలుపు దగ్గరికి కూడా రాను. ఒట్టు."

ఆయన అగ్గిపెట్టె తెరిచాడు. దూదిలోని గింజల్ని వేలితో అటూ ఇటూ దొర్లించి చూశాడు. ఒక గింజను గోటి మీద పెట్టుకుని వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. వేస్తాడనుకున్నాను. తర్వాత దాన్ని జాగ్రత్తగా దూదిలో పెట్టి, పెట్టె మూసి, నా కర్రపుల్ల పక్కన పెట్టాడు.

"నువ్వే వెయ్యి లిండె. చెయ్యి తిరిగినదానివి," అన్నాడు. "నీళ్ళు నేను మోస్తాను."

నీళ్ళ డబ్బాలు రెండూ అందుకుని కొళాయి వైపు నడిచాడు. ఇప్పుడు కుంటడం లేదు.